మోసుకెళ్లగలిగే పడవకు ఏ బట్ట, ఏ రెజిన్?

అమలాపురం దగ్గరి కాలువలో తిప్పుకోవడానికి, ఇద్దరు కూర్చునే 15 అడుగుల తేలిక పడవను ఇంటి వద్దే కట్టుకోవాలనుకుంటున్నామనీ, దాని అడుగుకూ పక్కలకూ గాజు ఫైబర్, కెవ్లార్ (బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలకు వాడే కృత్రిమ పోగు), కార్బన్ ఫైబర్‌లలో ఏది మేలనీ మీరు అడిగారు. రాజోలు వైపు ఉంటూ అలాంటివి రెండు కట్టుకున్న అనుభవంతో చెబుతున్నాను: గాజు నేత బట్ట, ఎపాక్సీ రెజిన్ (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే జిగురు) తీసుకోండి.

మొదటి పడవను నేను వేట పడవలు చేసే పద్ధతిలోనే, చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్‌ను (నేయకుండా, పొట్టి గాజు పోగులను అడ్డదిడ్డంగా అతికించిన పరుపును) మూడు వరసలు పరచి, పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి కట్టాను. మ్యాట్ తన బరువుకు రెండింతలకు పైగా రెజిన్ తాగుతుంది. సుమారు 5 చదరపు మీటర్ల పడవకు ఆ రెండూ కలిపి 22 కిలోలు దాటాయి. జెల్‌కోటు (బయటి నున్నటి రంగు పూత), పీటలు, అంచు చెక్కలు చేరేసరికి తూకం 38 కిలోలకు వచ్చింది. రేవు మెట్ల మీదుగా దానిని పైకి మోస్తూ మా బావమరిది, "ఇంత బరువుకైతే తాటిదోనె చాలదా బావా" అన్నాడు.

అదే బరువు గల నేత బట్టను ఎపాక్సీతో తడిపి, మిగులు రెజిన్‌ను ప్లాస్టిక్ పలకతో లాగివేస్తే, బట్ట ఎంతో రెజిన్ కూడా దాదాపు అంతే పడుతుంది. అంటే 22 కిలోల చోట 13, 14 కిలోలు. ఖరీదైన బట్ట కొనకుండానే తగ్గే బరువు ఇది. అయితే మామూలు మ్యాట్‌ను మాత్రం ఎపాక్సీతో వాడకండి, దాని పోగులను పట్టి ఉంచే బంధకం పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరిగినట్లు ఎపాక్సీకి కరగదు.

ఇక్కడ నేను ముందుగా ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. రెజిన్ తగ్గితే మందం కూడా తగ్గుతుంది, మందం సగమైతే బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నేత బట్ట, ఎపాక్సీలతో కట్టిన నా రెండో పడవలో మోకాలు ఆనించిన చోటల్లా అడుగు డబ్బా రేకులా లోపలికీ పైకీ కొట్టుకునేది. చివరకు అడుగు భాగాన 5 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు అతికించి, దాని మీద మరో వరస బట్ట వేశాను. ఆ తరువాత కదలలేదు. మొత్తం 23 కిలోలు. మీరు ఆ ఫోమ్‌ను మొదటే రెండు బట్టల మధ్య పెట్టుకోండి, నాలా తరువాత అతికించే పని పెట్టుకోవద్దు.

కెవ్లార్ గాజుకన్నా చాలా తేలిక, లాగుడుకు గట్టిది, నొక్కుడుకు బలహీనం. లాకు గోడకో రేవు రాయికో పడవ బయటి నుంచి తగిలినప్పుడు లోపలి పొరే సాగుతుంది కనుక, వాడితే లోపలి వైపు, అడుగున ఒక్క వరస చాలు. బయట వేస్తే రుద్దినకొద్దీ నూగు లేస్తుంది, ఎండకు రంగు ముదిరి బలం కోల్పోతుంది; మామూలు కత్తెరకు తెగనే తెగదు. కార్బన్ బిగువు గొప్పదే గానీ దెబ్బకు హెచ్చరిక లేకుండా పగులుతుంది, పైగా అంతర్వేది వైపు ఉప్పునీటిలో దానికి తగిలి ఉన్న అల్యూమినియం భాగాలు త్వరగా తుప్పుపట్టి తినుకుపోతాయి. కాలువ పడవకు అది అనవసరపు ఖర్చని నా అభిప్రాయం.

పనిని సంక్రాంతి తరువాత మొదలుపెట్టండి. వానాకాలపు తేమలో ఎపాక్సీ మీద మైనంలాంటి పొర తేలుతుంది, దానిని నీళ్లతో కడిగి రుద్దకుండా తరువాతి పూత వేస్తే అది ఊడివస్తుంది. మే ఎండలో కప్పులో కలిపిన రెజిన్ చేతిలోనే పొగలు కక్కుతుంది, కాబట్టి కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పోసుకోవాలి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ వేయవద్దు. పాలియెస్టర్‌కు దానిని గట్టిపరచే క్యాటలిస్ట్‌ను కొంత మేరకు పెంచి తగ్గించవచ్చు గానీ ఎపాక్సీకి డబ్బా మీది పాళ్లు తప్పితే పడవ ఎప్పటికీ జిగటగానే మిగులుతుంది. ఎపాక్సీకి ఎండ పడదు కనుక పైన పాలీయురెథేన్ పెయింటు తప్పనిసరి.

బట్ట మొత్తం కొనకముందే ఒక చదరపు అడుగు ముక్కను తూచి, తడిపి, గట్టిపడ్డాక మళ్లీ తూచి చూడండి. బరువు రెండింతలు దాటిందంటే మీ చేయి ఇంకా మిగులు రెజిన్‌ను బట్టలోనే వదిలేస్తున్నట్లే, మరో రెండు ముక్కలు చేసి చూశాకే పడవ మీదికి వెళ్లండి.