సత్ప్రసాదం ఎవరు అందుకోవచ్చు?

ప్రశ్న: మాది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టెంట్ సంఘం). ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇంటి కోడలినయ్యాను. వాళ్ల పూజలో (మాస్‌లో) సత్ప్రసాదం, అంటే అక్కడ పంచే పవిత్ర అప్పం, తీసుకోవచ్చా? మావారు శనివారం సాయంత్రం పూజకు వెళ్తే చాలా?

జవాబు: పూజకు తప్పక వెళ్లండమ్మా, పాటల్లో, ప్రార్థనల్లో కలవండి. సత్ప్రసాదం మాత్రం కతోలిక సభలో చేరాకే. మీ బాప్తిస్మం చెల్లుతుంది, మళ్లీ ఇవ్వరు.

అసలు చూసుకోవాల్సింది మీ పెళ్లి. కతోలిక పీఠాధిపతి (బిషప్) అనుమతి లేకుండా సీఎస్‌ఐ గుడిలో జరిగి ఉంటే, అది సరిచేయించుకునేదాకా మీవారూ సత్ప్రసాదం అందుకోకూడదు. చాలామందికి ఇది తెలియదు. ఇద్దరూ కలిసి విచారణ గురువుతో (మీవారి గుడి ఫాదర్‌తో) మాట్లాడండి.

శనివారం సాయంత్రం పూజ ఆదివారానికి చెల్లుతుంది. సత్ప్రసాదానికి ముందు ఉండాల్సిన గంట ఉపవాసం పూజ మొదలయ్యే వేళకు కాదు, అప్పం నోట పెట్టుకునే క్షణానికి లెక్క. మంచినీళ్లు, మందులు తీసుకోవచ్చు. వృద్ధులకు, రోగులకు, వాళ్లను చూసుకునేవారికి ఉపవాసమే లేదు.