కళ్ళు కదిపించే చికిత్స చేయించుకుంటే చెల్లిని మర్చిపోతానా?

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే సూర్యాపేట దాటాక మా కారును లారీ గుద్దింది. చెల్లి అక్కడికక్కడే పోయింది. టీ తాగి మళ్ళీ ఎక్కేటప్పుడు 'కిటికీ పక్కన నువ్వు కూర్చోవే' అని దాన్ని అటు జరిపింది నేనే. ఇప్పటికీ లారీ హారన్ వినపడితే ఒళ్ళంతా వణుకు. కారెక్కలేను. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తాను. అత్తయ్య తాయెత్తు కట్టించారు. మావారేమో 'ఇంకెన్నాళ్ళు ఇలా?' అంటున్నారు. కళ్ళు అటూ ఇటూ కదిపించి చేసే చికిత్స ఒకటుందని మా డాక్టరుగారు చెప్పారు. అది హిప్నాటిజమా? చేయించుకుంటే చెల్లిని మర్చిపోతానేమోనని భయంగా ఉంది.
- ఓ సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: మర్చిపోరమ్మా. మీ చెల్లి నవ్వు, మాట, మీ ఇద్దరి గొడవలు, ఆ రోజు జరిగింది కూడా అన్నీ గుర్తుంటాయి. హారన్ వినగానే ఆ ప్రమాదం మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్ళు బిగుసుకుపోతోంది చూడండి, ఈ చికిత్స తగ్గించేది దాన్నే. చెల్లి కోసం దుఃఖం మిగులుతుంది. దుఃఖం జబ్బు కాదు, దాన్ని ఎవరూ మీ దగ్గర్నుంచి తీసేయకూడదు కూడా.

మీరు రాసినవి పీటీఎస్‌డీ, అంటే పెద్ద ఆఘాతం తర్వాత మనసును వదలకుండా వేధించే సమస్య, దాని లక్షణాల్లా కనిపిస్తున్నాయి. నిర్ధారించాల్సింది మాత్రం మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన డాక్టరే. మీ డాక్టరుగారు చెప్పిన చికిత్సను ఈఎండీఆర్ అంటారు. 1987లో అమెరికాలో ఫ్రాన్సిన్ షాపిరో అనే సైకాలజిస్ట్ పార్కులో నడుస్తుండగా, కళ్ళు అటూ ఇటూ వేగంగా కదిలినప్పుడు తనను వేధిస్తున్న ఆలోచనల తీవ్రత తగ్గడం గమనించారు. దాని మీద పని చేసి 1989లో తొలి అధ్యయనం ప్రచురించారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పీటీఎస్‌డీకి ఈ చికిత్సను సిఫార్సు చేసింది.

హిప్నాటిజం కాదు. మీరు పూర్తి మెలకువతో, కళ్ళు తెరిచే ఉంటారు. వద్దనిపిస్తే చెయ్యెత్తి ఆపించొచ్చు. మొదట్లో అసలు కళ్ళు కదిపించే పనే ఉండదు. నిద్ర ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు, ఫిట్స్ గానీ కంటి జబ్బు గానీ ఉన్నాయా అని అడిగి తెలుసుకుంటారు. కంగారు ముంచుకొస్తే మిమ్మల్ని మీరు నిలదొక్కుకునే పద్ధతులు నేర్పుతారు. ఇవి దాటించి మొదటి రోజే ప్రమాదం జ్ఞాపకంలోకి దిగమనే చోటు మీకు వద్దు.

ఆ తర్వాత, అన్నిటికంటే ఎక్కువగా బాధించే ఒక దృశ్యాన్ని ఎంచుకోమంటారు. మీ ఉత్తరం చదువుతుంటే, మీకది లారీ గుద్దిన క్షణం కాకపోవచ్చనిపిస్తోంది. టీ కొట్టు దగ్గర సీటు మారమన్న క్షణమేమో. దాన్ని తలచుకుంటే మీ గురించి మీకేమనిపిస్తుందని అడుగుతారు. 'నా వల్లే పోయింది' అంటారేమో. బాధ సున్నా నుంచి పది వరకు ఎంతుందో, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చెప్పమంటారు. ఇక ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకునే, థెరపిస్ట్ అటూ ఇటూ కదిపే వేళ్ళను కళ్ళతో వెంబడించాలి. అర నిమిషం అటూ ఇటూగా చేసి ఆపి, 'ఇప్పుడేం వచ్చింది?' అంటారు. ఒక ముక్కలో చెప్పినా చాలు, ప్రమాదం కథంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు. ఏడుపు రావచ్చు, మరిచిపోయిన చిన్న విషయమేదో గుర్తుకు రావచ్చు. మళ్ళీ ఇంకో విడత. ఇలా గంట, గంటన్నర సాగుతుంది. కళ్ళకు ఇబ్బందైతే చేతుల మీద మార్చి మార్చి తట్టడం, చెవుల్లో శబ్దాలు వినిపించడం కూడా చేస్తారు.

సాగుతున్న కొద్దీ చాలామందికి బాధ అంకె దిగుతుంది. 'లారీ వస్తుందని ఆ క్షణంలో నాకెలా తెలుస్తుంది?' అన్న మాట మీ లోపల్నుంచే రావచ్చు. ఇంట్లోవాళ్ళు అదే మాట మీకు ఎన్నోసార్లు చెప్పే ఉంటారు. చెబితే విన్నదానికీ, తనకే తట్టినదానికీ చాలా తేడా ఉంది.

ఎందుకు పనిచేస్తుందంటే, జ్ఞాపకాన్ని తలచుకోవడం, కదిలే చేతిని చూడటం రెండూ ఒకేసారి చేయాల్సొస్తే ఆ దృశ్యం పదును తగ్గుతుందని ఒక వివరణ. కళ్ళ కదలిక నిజంగా అవసరమా అన్న చర్చ నిపుణుల్లో ఇంకా ఉంది. అందుకే ఒక మాట: దగ్గర్లో ఈఎండీఆర్ చేసేవాళ్ళు దొరక్కపోతే నిరాశపడకండి. ఇలాంటి మనసు గాయాల కోసమే చేసే సీబీటీ (ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే మాటల చికిత్స) కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిందే.

వీడియోలు చూసి ఇంట్లో ఒంటరిగా మాత్రం ప్రయత్నించకండి. జ్ఞాపకం తెరుచుకున్నాక పట్టుకునే మనిషి పక్కన ఉండాలి. సైకియాట్రిస్ట్ లేదా ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికే వెళ్ళండి. 'ఈఎండీఆర్‌లో శిక్షణ తీసుకున్నారా?' అని మొహమాటపడకుండా అడగండి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలనిపించని రాత్రి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆ నంబరుకే చేయండి. వాడుతున్న మందులుంటే డాక్టరుతో చెప్పకుండా ఆపొద్దు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, అత్తయ్యగారి ప్రేమ అది. చికిత్సకు అది అడ్డు కాదు.

మీవారికి ఈ జవాబు చూపించండి. అయ్యా, రెండేళ్ళుగా మీరూ అలిసిపోయి ఉంటారు. 'ఇంకెన్నాళ్ళు' అన్న మాట మాత్రం ఆమెకు ఇంకో నేరారోపణలా వినిపిస్తుంది. హైదరాబాద్ వెళ్ళాల్సొస్తే కారెక్కమని పట్టుబట్టకండి, ఖమ్మం నుంచి సికింద్రాబాద్‌కు రైళ్ళున్నాయి. సెషన్ అయిన రోజు, ఆ తర్వాత రెండు మూడు రోజులు పీడకలలు పెరగొచ్చు, చిరాకు పడొచ్చు. ఆ రోజుల్లో వంటపని మీరో అత్తయ్యగారో చూసుకోండి. లోపల ఏం మాట్లాడారని ఆరా తీయకుండా, ఆమె చెబితే వినండి.