రద్దీ ఎక్కడో ముందు తేల్చు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన నివేదిక చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. మూడేళ్లలో ట్రాఫిక్ మీ నెట్‌వర్క్‌ను ముంచెత్తుతుందని, ఆ తరువాత ఇంటర్నెట్ మొత్తానికీ అదే గతి పడుతుందని రాశావు. గ్రాఫ్ నిటారుగా పైకి లేచింది గాని, అది ఏ లింకుదో, అంటే రెండు చోట్లను కలిపే ఏ లైనుదో, ఏ వేళదో నివేదికలో ఎక్కడా లేదు. నెలకు ఇన్ని టెరాబైట్లు అన్న లెక్క బిల్లులు వేసుకోవడానికి పనికివస్తుంది. ఎక్కడ ఇరుకవుతున్నదో మాత్రం చెప్పదు.

నీ భయాన్ని తీసిపారేయడం లేదు. రద్దీతో నెట్‌వర్క్ కూలిపోవచ్చునని నెట్‌వర్క్ ఇంజినీరు జాన్ నేగిల్ 1984లోనే రాసి హెచ్చరించాడు. 1986 అక్టోబరులో అది కళ్లెదుట జరిగింది కూడా. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం సుమారు నాలుగు వందల గజాలే. ఆ కొద్దిపాటి దారిలో సెకనుకు 32 కిలోబిట్లుగా ఉన్న వేగం 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, వాడేవారు రాత్రికి రాత్రే వందల రెట్లు పెరగనూ లేదు. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళుతుంది. ఆలస్యమైన ప్యాకెట్ పోయిందనుకుని పంపిన యంత్రం దాన్ని మళ్లీ పంపేది, ఆ నకలు వెళ్లి అదే క్యూలో చేరి ఇతరుల ప్యాకెట్లను ఇంకా ఆలస్యం చేసేది, వారి యంత్రాలూ అదే పని చేసేవి. చివరకు లింకు నిండా చాలావరకు పనికిరాని నకళ్లే మిగిలేవి. ఆ ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జేకబ్సన్ కూర్చుని ఆ ప్యాకెట్ల రాకపోకలనే పరిశీలించి, 1988లో ప్రచురించిన పత్రంలో పరిష్కారం చెప్పాడు. ప్యాకెట్ పోవడాన్ని రద్దీకి గుర్తుగా తీసుకుని, పంపే యంత్రమే జోరు ఒక్కసారిగా తగ్గించుకోవాలి, తరువాత మెల్లగా పెంచుకోవాలి. గమనించావా, ఆ మందు తీగకు వేసింది కాదు, రెండు చివర్లలోని యంత్రాల సాఫ్ట్‌వేర్‌కు వేసింది. నేటికీ రద్దీ పెరిగినప్పుడు నెట్ కూలిపోకుండా నెమ్మదించడానికి మూలం అదే. అందువల్ల మీ సంస్థ సొంతంగా రాసుకున్న యాప్ ఏదైనా యూడీపీ మీద, అంటే రద్దీని తనంతట తాను పట్టించుకోని పద్ధతిలో, డేటా పంపుతుంటే, రద్దీని చూసి అది తగ్గుతుందో లేదో దాన్ని రాసినవారిని తప్పక అడుగు. ఆ జవాబు నీ నివేదికలో ఉండాలి.

జోస్యం జోలికి మాత్రం పోవద్దు. దగ్గరి కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్‌నెట్ రూపకర్తలలో ముఖ్యుడైన బాబ్ మెట్‌కాఫ్ అంతటివాడు 1996లో ఇంటర్నెట్ కుప్పకూలుతుందని 1995 డిసెంబరులో ఒక పత్రికలో రాసి, అలా జరగకపోతే తన మాటలను తానే మింగుతానన్నాడు. 1997లో ఒక అంతర్జాతీయ వెబ్ సదస్సు వేదిక మీద ఆ కాగితాన్ని మిక్సీలో వేసి, ద్రవంతో కలిపి మింగేశాడు. ఆయన చూపిన కారణాలు మరీ తెలివితక్కువవేమీ కావు. గడువు పెట్టడమే కొంప ముంచింది.

దీనికి ఎదురు తప్పూ ఉంది, ఖరీదులో అది ఇంకా పెద్దది. 1990ల చివర ఇంటర్నెట్ ట్రాఫిక్ వంద రోజులకొకసారి రెట్టింపవుతోందన్న మాట అందరి నోటా నానింది. ఆ లెక్కన ఏడాదికి పన్నెండు రెట్లకు పైగా పెరగాలి. పరిశోధకుడు ఆండ్రూ ఓడ్లిజ్‌కో, ఆయన సహచరుడు కాఫ్‌మన్ కలిసి దొరికిన ఆధారాలన్నీ కూడదీసి చూస్తే పెరుగుదల ఏడాదికి సుమారు రెండు రెట్లని తేలింది. అప్పటికే ఆ పెద్ద అంకెను నమ్ముకుని పరచిన ఫైబర్‌లో చాలా భాగం వెలుగు పడకుండా నేలలో ఉండిపోయింది. కాబట్టి పెరుగుదల రేటును ఇతరుల నోట విని రాయకు. మీ రూటర్ల కౌంటర్ల నుంచే తీసుకో.

నేను చేసిన పొరపాటొకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక సంస్థలో నెట్ నత్తనడక నడుస్తోందని అందరూ ఫిర్యాదు చేస్తే, బయటి లింకు చాలడం లేదని వాదించి దాని సామర్థ్యాన్ని రెట్టింపు చేయించాను. ఫిర్యాదులు ఒక్కటీ తగ్గలేదు. తీరా చూస్తే ఒక స్విచ్ పోర్టు ఫుల్ డ్యూప్లెక్స్‌లోనూ (పంపడం, అందుకోవడం ఒకేసారి), దాని అవతలి కొస హాఫ్ డ్యూప్లెక్స్‌లోనూ (ఒకసారి ఒకటే) ఉన్నాయి. పని ఎక్కువయ్యేకొద్దీ ప్యాకెట్లు ఢీకొని పాడయ్యేవి, పైకి అచ్చంగా రద్దీలాగే కనిపించేది. పోర్టులోని ఎర్రర్ల లెక్క మొదటి రోజే చూసి ఉంటే రెండు నిమిషాల పని.

ఇక నీ నివేదికకు వద్దాం. ప్రతి ముఖ్యమైన లింకుకూ విడిగా, అత్యంత రద్దీగా ఉండే గంటలోని వాడకాన్ని, పోయిన ప్యాకెట్లను, ఆలస్యాన్ని పక్కపక్కన పెట్టు. రోజువారీ సగటు నిన్ను మోసం చేస్తుంది. అయిదు నిమిషాల సగటు కూడా క్షణాల్లో వచ్చిపోయే పోటును దాచేస్తుంది, కనుక ఆ పోటు జాడ పోయిన ప్యాకెట్లలో వెతుకు. జంట లింకులు ఒక్కొక్కటి అరవై శాతం నిండితే చాలా ఖాళీ ఉందనిపిస్తుంది గాని, ఒకటి తెగిన రోజున రెండోదాని మీద నూట ఇరవై శాతం భారం పడుతుంది. మీకు నిజమైన భయం ఉంటే అది ఇక్కడే ఉందని నా అనుమానం.

ఆలస్యాన్ని రెండుసార్లు కొలువు: లైను ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతుండగా మరొకసారి. ఇరవై మిల్లీసెకన్లు కాస్తా అయిదు వందలైతే, చివరనున్న పరికరంలో బఫర్, అంటే ప్యాకెట్లు వేచి ఉండే చోటు, మరీ పెద్దదై, పారేయవలసిన ప్యాకెట్లను పట్టుకు కూర్చుంటున్నదన్నమాట. జిమ్ గెటీస్ దీనికి బఫర్‌బ్లోట్ అన్న పేరు ప్రచారంలోకి తెచ్చాడు. క్యూలో మరీ ఎక్కువసేపు ఆగిన ప్యాకెట్లను పారేసే, 2012లో వచ్చిన కోడెల్ వంటి పద్ధతులు దీన్ని చాలావరకు నయం చేస్తాయి. అవి మీ పరికరాల్లో ఉండి కూడా ఎవరూ ఆన్ చేయకపోయి ఉండవచ్చు.

సామర్థ్యం ఉన్నచోటే ఆగిపోతుందన్నట్టు గీత గీయడం కూడా సరికాదు. 1988లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి ఫైబర్ కేబుల్ సెకనుకు 280 మెగాబిట్లు మోసేది; అదే సముద్రంలో 2017లో పూర్తయిన మరేయా కేబుల్‌ను 160 టెరాబిట్లకు రూపొందించారు. అదీగాక, ఎక్కువమంది చూసే వీడియోలను ముందే దగ్గరి కాష్ సర్వర్లలో నింపి ఉంచడం వల్ల చాలా ట్రాఫిక్ దూరప్రయాణమే చేయదు. 2020 మార్చిలో అందరూ ఇళ్లలో ఉండిపోయినప్పుడు నెట్‌ఫ్లిక్స్ ఐరోపాలో వీడియో బిట్‌రేటు తగ్గించింది. అవసరమైతే గిరాకీని కూడా తగ్గించవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

"ఇంటర్నెట్ మొత్తం" అన్న అధ్యాయాన్ని తీసివేసి, లింకుల పట్టికను మొదటి పుటలో పెట్టి పంపు. జంట లింకుల్లో ఒకదాన్ని నిర్వహణ వేళలో నిజంగానే ఆపి చూస్తే ఏమైందో కూడా రాయి. ఆ ఫలితం కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న