బంతి ఎవరి చేతిలో ఉంటే వంతు వాళ్లది

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. ఆటిజం ఉంది. పొడిపొడిగా మాట్లాడతాడు. పిల్లల గుంపులోకి పంపిస్తే చెవులు మూసుకుని మూలకు వెళ్లిపోతాడు. మొన్న కుర్చీలాటలో అందరికన్నా ముందు అవుటయ్యి గంటసేపు ఏడ్చాడు. ‘పదిమందిలో వదిలేస్తే వాడే అలవాటు పడతాడు’ అంటున్నారు ఇంట్లోవాళ్లు. వాడికి ఏ ఆటలు పనికొస్తాయి?

జవాబు: పదిమందిలో వదిలేయకండి. అరుపులు, తోపులాట, ఎవరూ చెప్పకుండానే మారిపోయే నియమాలు అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంటే వాడికి అందులో ఆట కనిపించదు. చెవులు మూసుకోవడం మొండితనం కాదమ్మా, ఆ హోరు తట్టుకోవడానికి వాడు వెతుక్కున్న దారి.

కుర్చీలాట మానేయండి. ఓడినవాళ్లను బయటికి పంపే ఆటల్లో, కలిసి ఆడటం ఎవరికి ఎక్కువ అలవాటు కావాలో వాళ్లే ముందుగా బయట కూర్చోవాల్సి వస్తుంది.

ఓపికున్న ఒక్క నేస్తంతో మొదలుపెట్టండి. ఎదురెదురుగా కూర్చుని, ఎదుటివాళ్ల పేరు పిలిచి బంతి దొర్లించాలి. పేరు రాకపోతే చెయ్యి చూపినా చాలు. ‘నీ వంతు, నా వంతు’ అని ఎంత చెప్పినా కంటికి కనిపించనిది, బంతి రూపంలో చేతికి తగులుతుంది. అది కుదిరాక ముగ్గురు నలుగురు కలిసి దుప్పటి అంచులు పట్టుకుని, మధ్యలో బంతి వేసి ఎగరేయండి. మాటలతో పని లేదు. కానీ పక్కవాళ్లు ఎప్పుడు ఎత్తుతున్నారో గమనించకపోతే బంతి కింద పడిపోతుంది.

అన్నిటికన్నా నాకు నమ్మకమున్నది బ్లాకుల ఆట. డేనియల్ లెగాఫ్ అనే మనస్తత్వ నిపుణుడు లెగో ముక్కలతో తాను నడిపిన బృందాల గురించి 2004లో పరిశోధన పత్రం ప్రచురించారు. ముగ్గురు పిల్లలు, మూడు పనులు. బొమ్మ చూసి ఏ ముక్క కావాలో చెప్పేది ఇంజినీరు, వెతికి ఇచ్చేది సప్లయరు, అమర్చేది బిల్డరు. కాసేపయ్యాక పనులు మార్చుకుంటారు. ఒకరు లేకుండా ఇంకొకరి పని సాగదు కాబట్టి అడగడం, ఆగడం, ‘ఇది కాదు, ఇంకోటి’ అనడం అవసరం కొద్దీ వస్తాయి. మాటలు తక్కువ కాబట్టి మీ బాబుని ముందు సప్లయరుని చేయండి. వాడికి ఏది ఇష్టమో మీరు రాయలేదు. రైళ్లంటే ప్రాణమైతే రైలే కట్టించండి, ఇష్టమున్న చోట మాట తొందరగా వస్తుంది.

ఆటలో ముందు ఏం చేయాలో, తర్వాత ఏం చేయాలో బొమ్మలు గీసి చూపించండి. పది నిమిషాలు దాటనివ్వకండి. ‘చాలు’ అని చెప్పడానికి వాడి చేతిలో ఒక కార్డు ఉంచండి. అది చూపించిన క్షణమే ఆట ఆపాలి. ‘ఇంకొక్కసారి’ అని బతిమాలితే కార్డు మీద నమ్మకం పోతుంది.

‘కళ్లలోకి చూసి మాట్లాడు’ అని మాత్రం అనకండి. చూపు తిప్పుకుని కూడా చక్కగా వినే పిల్లలున్నారు. స్వయంగా ఆటిజం ఉన్న పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో రాసినట్టు, ఒకరికొకరు అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుంది. అందుకే మిగతా పిల్లలకూ నేర్పాలి: మెల్లగా మాట్లాడాలి, ఒక మాట అడిగాక కాసేపు ఆగాలి, వాడు చేతులు ఊపితే నవ్వకూడదు.

మొదట్లో వాడు ఆటలోకి రాకుండా పక్కన కూర్చుని తన ముక్కలు తాను పేర్చుకోవచ్చు. లేపకండి, అక్కడినుంచి వాడు అంతా చూస్తూనే ఉండవచ్చు. ఈలోగా, పదిమందిలో వదిలేయమన్న మీ ఇంట్లోవాళ్లను ఒక సాయంత్రం ఆ దుప్పటికి చెరో అంచు పట్టుకోమనండి.