టైమర్‌లో అంకె కదలడం లేదేం?

ప్రశ్న: పైథాన్ నేర్చుకుంటూ విండోలు తయారుచేసే టికింటర్ లైబ్రరీతో చిన్న కౌంట్‌డౌన్ టైమర్ రాశాను. లేబుల్‌లో 60 నుంచి 0 దాకా ఒక్కో అంకె కనిపించాలి. కానీ స్టార్ట్ నొక్కగానే విండో బిగుసుకుపోతోంది. పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తోంది. నిమిషం తర్వాత ఒకేసారి 0 పడుతోంది. మధ్యలో అంకెలు ఏమవుతున్నాయండీ?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ లూప్‌లో ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపే టైమ్ స్లీప్ ఉందని కోడ్ చూడకుండానే చెప్పొచ్చు! అంకెలు మారుతూనే ఉన్నాయి. వాటిని తెర మీద గీసే తీరికే లేదు. బటన్ నొక్కినా, మౌస్ కదిపినా, లేబుల్‌ను మళ్లీ గీయాలన్నా టికింటర్‌లో అన్నిటికీ దిక్కు, పనులను ఒక్కొక్కటిగా చూసే మెయిన్‌లూప్ ఒక్కటే. మీరు లేబుల్‌ను మార్చే కాన్ఫిగ్‌తో టెక్స్ట్‌ను 59 చేస్తే అది అప్పటికప్పుడు గీయదు, తర్వాత చూద్దామని పక్కన పెట్టుకుంటుంది. మీ ఫంక్షన్ పూర్తయితేనే దానికి వంతు వచ్చేది. ఆ ఫంక్షనేమో నిమిషం పాటు కునికిపాట్లు పడుతోంది.

ఫర్ లూప్, స్లీప్ రెండూ తీసేయండి. ఫంక్షన్‌లో ఒక్క అంకె మాత్రమే మార్చండి. ఇంకా సున్నాకు రాకపోతే ‘ఆఫ్టర్’తో అదే ఫంక్షన్‌ను 1000 మిల్లీసెకన్ల తర్వాత పిలవమనండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆఫ్టర్‌కు ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి, తర్వాతి అంకెను కామా పెట్టి విడిగా ఇవ్వాలి. పేరు పక్కన బ్రాకెట్లు పెట్టారో, పైథాన్ ఆగకుండా అప్పుడే పిలిచేస్తుంది. 60 కాస్తా ఒక్క గెంతులో 0 అయిపోతుంది.

లూప్ మధ్యలో, తెరను అప్పటికప్పుడు గీయించే ‘అప్‌డేట్’ పిలిస్తే చాలని కొందరు చెబుతారు. అంకెలు కనిపించే మాట నిజమే. కానీ స్లీప్ నడిచే ఆ సెకను విండో మొద్దుబారే ఉంటుంది. నాకైతే అది అతుకులా అనిపిస్తుంది.

‘నన్‌టైప్‌కు కాన్ఫిగ్ లేదు’ అనే ఎర్రర్ వస్తే కంగారు పడకండి. లేబుల్ తయారుచేసిన లైన్‌లోనే దాన్ని విండోలో అమర్చే ప్యాక్ కూడా తగిలించి ఉంటారు. ప్యాక్ తిరిగిచ్చేది నన్ (అంటే ‘ఏమీ లేదు’), లేబుల్ కాదు. రెంటినీ రెండు లైన్లలో రాయండి.

అన్నట్టు, స్టార్ట్ రెండుసార్లు నొక్కితే రెండు టైమర్లు మొదలై లేబుల్‌లో 52, 57, 51, 56 అంటూ అంకెలు కొట్టుకుంటాయి. నొక్కగానే బటన్‌ను డిసేబుల్ చేసి, సున్నాకు వచ్చాక మళ్లీ నార్మల్‌కు మార్చండి.