విహాన్‌కి చెల్లెలు పుడుతోంది: పేరు 'వి'తోనే ఉండాలా? ఆస్ట్రేలియా వాళ్లు ఎలా ఎంచుకుంటారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పెద్దబ్బాయి విహాన్, జనవరిలో పాప పుట్టబోతోంది. మీ వారు 'వి'తోనే పెడదామంటున్నారు. అత్తగారు నక్షత్రం తేలాక వచ్చిన అక్షరమే అంటున్నారు. ఆఫీసులో ఆస్ట్రేలియన్ స్నేహితురాలేమో "అన్నయ్య పేరుకి మరీ దగ్గరగా లేకుండా చూసుకో" అంది. అసలు ఇక్కడివాళ్లు అన్నాచెల్లెళ్ల పేర్లు కలపడానికి ఏం చూస్తారు అని అడిగారు.

నేను మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక కిండర్‌లో, అంటే బడికి ముందు చిన్నపిల్లలు వెళ్లే చోట, పనిచేస్తాను. పేర్లతోనే నా రోజు మొదలవుతుంది. హాజరు పట్టిక, బ్యాగులు తగిలించే హుక్కుల మీద ఫోటో పక్కన పేరు, లంచ్ బాక్సుల మీద, ఎండ టోపీల లోపల స్టిక్కర్లు. ఒకే ఇంటి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మా దగ్గరికే వస్తారు కాబట్టి, ఆ ఇంట్లో పేర్ల వరస ఎలా నడుస్తోందో కూర్చున్నచోటే తెలిసిపోతుంది.

జత చూడటం ఇక్కడా ఉంది. పుట్టిన బిడ్డ పేరు చెప్పగానే ఎదుటివాళ్లు అడిగేది "పెద్దవాడి పేరేంటి?" అనే. కాకపోతే మనకి జత అంటే రమేష్, సురేష్, అనిల్, సునీల్. చెవికి తగిలే ప్రాస ఉండాలి. వీళ్ల లెక్క వేరు. రెండు పేర్లూ ఒకే ఇంట్లోవి అనిపించాలి, కానీ పిలిస్తే ఒకటి ఇంకోదానిలా వినిపించకూడదు.

ఉదాహరణకి ఎక్కడికో పోనక్కర్లేదు, మన సన్‌రైజర్స్ కెప్టెన్ల ఇళ్లు చూడండి. 2016లో హైదరాబాద్‌కి కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌కి ముగ్గురు ఆడపిల్లలు: ఐవీ మే, ఇండీ రే, ఐలా రోజ్. ఇంగ్లిష్‌లో మూడూ ఒకే 'ఐ' అక్షరంతో మొదలవుతాయి, పైగా మే, రే అని ప్రాస. మీ వారికి చూపిస్తే పండగ చేసుకుంటారు. 2024లో అదే జట్టుని ఫైనల్ దాకా తీసుకెళ్లిన ప్యాట్ కమిన్స్ ఇంట్లో కొడుకు ఆల్బీ, 2025లో పుట్టిన కూతురు ఈడిత్, ముద్దుగా ఈడీ. అక్షరం కలవదు, ప్రాస లేదు. అయినా రెండూ ముత్తాతల కాలం పేర్లు, రెండూ పొట్టిగా పలికే పేర్లు. పక్కపక్కన పెడితే ఒకే చేత్తో ఎంచినట్టు ఉంటాయి. ఇంకో ఆస్ట్రేలియా క్రికెటర్ ఉస్మాన్ ఖవాజా కూతుళ్లు ఆయిషా, ఆయ్‌లా. అంటే వార్నర్ పద్ధతి లేదని కాదు. కానీ మా కిండర్‌లో ఆస్ట్రేలియన్ ఇళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది కమిన్స్ పద్ధతే. ఒకే అక్షరం ఎక్కువగా మన దేశం నుంచి, చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో చూస్తుంటాను. అంతెందుకు, 1965లో పుట్టిన క్రికెటర్లు, వా కవలల పేర్లు స్టీవ్, మార్క్. మన ఊళ్లో అయితే కవలలకి రామలక్ష్మణులు కాకుండా ఇంకో పేరు ఊహించగలమా?

ఈ తీరు పట్టుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. ఇప్పుడు పెద్దపిల్ల పేరు వింటే రెండో పేరు ఏ వీధిలోంచి వస్తుందో ఇంచుమించు చెప్పేస్తాను. ఆర్థర్, హెన్రీ, ఫ్లోరెన్స్, మేబెల్, ఎల్సీ, హేజెల్: ఇవి పాతకాలం పేర్లు, ఇప్పుడు మళ్లీ మంచి ఊపులో ఉన్నాయి. ఆర్థర్ ఉన్న ఇంట్లో తర్వాత మేబెలే వస్తుంది. సముద్రం ఒడ్డున పెరిగి సర్ఫింగ్ పిచ్చి ఉన్న తల్లిదండ్రులైతే కై, రివర్, ఇండీ, బోధి. అవును, మన బోధివృక్షంలోని బోధే. బంగారు జుట్టు బోధిలు ఇక్కడ బోలెడుమంది, నేను మొదటిసారి హాజరు పిలిచినప్పుడు ఏ శ్రీలంక పిల్లాడో అనుకుని వెతికాను. పల్లెల్లో పొలాలు, గొర్రెల మందలు ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు నెడ్, క్లాన్సీ, కవి బాంజో ప్యాటర్సన్ గుర్తుగా బాంజో, ఆడపిల్ల అయితే మటిల్డా. దేశపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పేరు కూడా మటిల్డాసే. వాళ్లు 2023 ప్రపంచ కప్‌లో సెమీఫైనల్‌కి వెళ్లినప్పుడు మా కిండర్‌లో ఉన్న టిల్లీలంతా (మటిల్డాలని ముద్దుగా అలా పిలుస్తారు) తామే గెలిచినంత హడావుడి చేశారు. లాక్లన్ ఇంకో తరహా. 1810 నుంచి 1821 దాకా న్యూ సౌత్ వేల్స్ గవర్నర్‌గా చేసిన లాక్లన్ మక్వారీ వల్ల ఆ స్కాటిష్ పేరు ఇక్కడ సొంత పేరైపోయింది, లాకీ అని పిలుస్తారు.

ఒక తరహాలోంచి ఇంకో తరహాలోకి దూకితే వీళ్లకి పంటి కింద రాయిలా ఉంటుంది. ఆర్థర్‌కి తమ్ముడు జాక్సన్, అదీ మధ్యలో ఎక్స్ పెట్టిన స్పెల్లింగ్‌తో అంటే, పైకి "లవ్లీ" అంటారు గానీ కనుబొమ్మలు ఒక్క క్షణం లేస్తాయి. వెంకట సుబ్బారావు తమ్ముడు రిత్విక్ అంటే మనకెలా ఉంటుందో అదే. వింత స్పెల్లింగ్ పేర్లని చాటున "బోగన్" పేర్లు అంటారు, అంటే నాటు అని కొంచెం చులకన. నాకది నచ్చదు. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరుని బట్టి ఇంటి అంతస్తు లెక్కకట్టే అలవాటు ఏ దేశంలోనైనా ఒకటే. కానీ ఉందని తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు మీ అసలు సంగతి, 'వి' గురించి. మీ స్నేహితురాలు ఎందుకలా అందో నేను చెప్పగలను: ఇక్కడ ఏ పేరూ పూర్తిగా మిగలదు. గ్యారీ అయితే గ్యాజా, షారన్ అయితే షాజా, డేవిడ్ అయితే డావో, ఆలివర్ అయితే ఆలీ. మీ విహాన్‌ని కిండర్‌లో ఇప్పటికే "వీ" అంటుంటారని పందెం కాస్తాను. చెల్లెలికి విహాన అనో వియా అనో పెట్టారనుకోండి, స్కూల్లో ఇద్దరూ "వీ"లే అవుతారు. ఆస్ట్రేలియన్ తల్లిదండ్రులు ముందు చూసేది ఇదే, ఇద్దరి పేర్లూ తుంచితే ఏం మిగులుతాయి అని. ఆలివర్ ఉన్న ఇంట్లో ఒలీవియా పెట్టడానికి అందుకే వెనకాడతారు.

మా పక్కింటావిడ రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఒక సాయంత్రం వాళ్ల వెనక తలుపు దగ్గర నిలబడి, ఖాళీ పెరట్లోకి గట్టిగా కేకలు పెట్టడం విన్నాను. "ఆర్చీ! రూబీ! అన్నానికి రండి!" కాసేపాగి, "ఆర్చీ! హేజెల్!" మళ్లీ "ఆర్చీ! ఎల్సీ!" నేను కంచె మీంచి తొంగి చూసి ఏమైందని అడిగితే నవ్వింది. రోజుకి పదిసార్లు ఇలా అరవాలి కదా, అరిస్తే ఎలా ఉంటుందో చూసుకుంటున్నానంది. ఎల్సీ, ఆర్చీ రెండూ ఒకేలా సాగి అరుపులో కలిసిపోతున్నాయని ఎల్సీని పక్కన పెట్టేసింది. రూబీ అనగానే వాళ్ల కుక్క తోక ఊపుకుంటూ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. దాని పేరు రూఫస్ లెండి, ఇంట్లో అందరూ రూ అంటారు. అలా రూబీ కూడా పోయింది. చివరికి హేజెల్ నిలిచింది. ఈ పరీక్ష మీరూ మీ వారూ కలిసి చేయండి, వంద చర్చలకంటే త్వరగా తేలుతుంది.

మరి కుటుంబం, పెద్దలు, సెంటిమెంటు ఎక్కడికి పోయినట్టు? అదంతా మధ్య పేరులో ఉంటుంది. మన అత్తగార్ల సమస్యకి ఆస్ట్రేలియన్లు కనిపెట్టిన పరిష్కారం ఇదే అని నేను అందరికీ చెబుతుంటాను. మొదటి పేరు తల్లిదండ్రుల ఇష్టం. మధ్య పేరు నానమ్మదో, యుద్ధానికి వెళ్లిన ముత్తాతదో. మొసళ్లతో ఆడుకున్న స్టీవ్ ఇర్విన్ కూతురు బిండీ 2021లో తన పాపకి గ్రేస్ వారియర్ అని పెట్టింది. గ్రేస్ అనేది వాళ్ల పెద్దావిడ పేరు, వారియర్ అన్నది 2006లో పోయిన తండ్రికి గుర్తు. బిండీ పేరే ఒక ముచ్చట: స్టీవ్‌కి ఇష్టమైన ఒక ఆడ మొసలి పేరు అది, పక్కనున్న 'స్యూ' వాళ్ల కుక్క నుంచి వచ్చింది. తమ్ముడేమో రాబర్ట్, తాతగారి పేరు. మొసలి పేరొకరికి, తాత పేరొకరికి! అయినా ఆ ఇంటికి సరిగ్గా నప్పాయి.

కాబట్టి నక్షత్రం అక్షరాన్ని మధ్య పేరుకి ఇచ్చేయండి. అత్తగారి పేరులో ఒక ముక్క దానికి కుదిరితే ఇంకా మంచిది, ఆవిడ మురిసిపోతారు, ఇద్దరి మాటా నెగ్గుతుంది. బారసాల పళ్లెంలో బియ్యం మీద రాసేటప్పుడు ఎలాగూ రెండూ రాస్తారు.

ఒక జాగ్రత్త. ఇంటిపేరు మాత్రం ఇద్దరికీ ఒకేలా రాయించండి. మాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దవాడికి తండ్రి పేరు చివర పెట్టారు, చిన్నదానికి అసలు ఇంటిపేరు పెట్టారు. ఇప్పుడు కాగితాల్లో ఇద్దరూ వేరే ఇళ్ల పిల్లల్లా కనిపిస్తారు. స్కూల్లో అన్నయ్య ఉన్నాడని చెప్పినా, విమానం ఎక్కబోయినా బర్త్ సర్టిఫికెట్లు తీసి చూపించాలి. విహాన్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో తీసి చూసుకుని అదే వరస పాటించండి.

గడువు గురించి టెన్షన్ వద్దు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో బిడ్డ పుట్టిన 60 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆసుపత్రి నుంచి వచ్చేలోపే పేరు తేల్చాల్సిన పని లేదు, ఇరవై ఒకటో రోజు బారసాల చేసుకుని తీరిగ్గా ఆన్‌లైన్‌లో నింపవచ్చు. బూతుగా ఉన్నవి, మరీ పొడుగైనవి, పలకడానికి వీల్లేని గుర్తులున్నవి రిజిస్ట్రార్ ఒప్పుకోరు. ఒక్కోసారి జల్లెడలోంచి జారిపోతాయి లెండి. 2023లో ఏబీసీ టీవీలో పనిచేసే ఒక పాత్రికేయురాలు, ఏం చేస్తారో చూద్దామని న్యూ సౌత్ వేల్స్‌లో తన బిడ్డకి 'మెథాంఫెటమిన్ రూల్స్' (ఆ పేరున్న మత్తుమందు సూపర్ అన్నట్టు) అని రాసి పంపితే అది నమోదైపోయింది! తర్వాత సరిచేశారు.

ఎక్కువమందికి ఉన్న పేరు వద్దంటారా? విక్టోరియా ప్రభుత్వం ఏటా తొలి వంద పేర్ల జాబితా ఇస్తుంది, దక్షిణ ఆస్ట్రేలియా వాళ్ల పేర్ల లెక్కలైతే 1944 నుంచీ దొరుకుతాయి. కానీ ఆ జాబితాలు చూసి మోసపోకండి. ఆలివర్ ఏళ్ల తరబడి పైనే ఉంటున్నాడు, అయినా మా పడమటి శివార్లలోని టార్నీట్ వైపు కిండర్లలో ఆలివర్ల కంటే ఆరవ్‌లూ విహాన్‌లూ ఎక్కువ కనిపిస్తారు నాకు. మీ పేటలో ఎవరున్నారన్నదే లెక్క. మీ పార్కులో ఒక ఆదివారం కూర్చుంటే తెలిసిపోతుంది.

ఇంకొకటి నేర్చుకోదగ్గది: వీళ్లు పుట్టేదాకా పేరు బయటపెట్టరు. "అనుకున్నాం, కానీ చెప్పం" అని నవ్వేస్తారు. కడుపులో ఉండగా చెబితే ప్రతివాళ్లూ తీర్పు చెబుతారు, పుట్టి పేరు పెట్టేశాక "బాగుంది" అనక తప్పదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇది ఎంతవరకు సాగుతుందో మీకే తెలియాలి.

నా సలహా అడిగారు కాబట్టి: విహాన్ పొట్టి పేరు, ఈ తరం పేరు, సంస్కృతం వాసన ఉన్న పేరు. దాని పక్కన తార, మీరా, మాయ, ఇరా లాంటివి కూర్చుంటాయి. తార, మాయ ఇక్కడివాళ్లకీ ముందే అలవాటైన పేర్లు, టీచర్లు ఆగి ఆగి చదవరు. 'షిత్'తో ముగిసే పేర్లు మాత్రం మగపిల్లల విషయంలోనైనా వద్దు, ఇంగ్లిష్‌లో అది ఎలా వినిపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు. నాకైతే తార అన్నిటికంటే నచ్చింది. పాప పుట్టి ఏ అక్షరం వచ్చిందో తేలాక కింద రాయండి, తార పక్కన పలికే మధ్య పేర్లు నాలుగైదు వెతికి పెడతాను.