వయసు మళ్లిన పిచ్చర్ ఒప్పందాన్ని ఎలా తూచాలి?

అమెరికా బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ 2023లో కప్పు (వరల్డ్ సిరీస్ అనే ఫైనల్) గెలిచారు కాబట్టి పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) జేకబ్ డిగ్రామ్‌పై పెట్టిన డబ్బు సరైనదేనా, లేక అంతా ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌ల) అదృష్టమేనా అని అడిగారు. ఈ రెండింటినీ ముందు విడదీయండి.

ఒప్పందాన్ని సంతకం చేసిన రోజున తెలిసిన విషయాలతోనే తూచాలి. గాయాల వల్ల డిగ్రామ్ 2021లో 15, 2022లో 11 మ్యాచ్‌ల్లోనే మొదటి పిచ్చర్‌గా దిగారు. అయినా 34 ఏళ్ల వయసులో ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2023లో ఆరు మ్యాచ్‌లకే మోచేతి శస్త్రచికిత్స. ఆయన బంతి వేస్తుంటే చూడడం నాకు ప్రాణం, కానీ ఆ ప్రమాదం ముందే కనిపించింది. దాదాపు అదే సమయంలో రెండేళ్లకు 3.4 కోట్ల డాలర్లకు వచ్చిన మరో పిచ్చర్ నేథన్ ఇవాల్డి మాత్రం ఆ ప్లేఆఫ్స్‌లో ఐదు గెలిచి, ఒక్కటీ ఓడలేదు.

ఇక అదృష్టం. ఆ ఏడాదే సీజన్‌లో 104 విజయాలు సాధించిన అట్లాంటా బ్రేవ్స్ జట్టు ప్లేఆఫ్స్‌లో ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లోనే ఇంటిదారి పట్టింది, 84 విజయాల అరిజోనా జట్టు వరల్డ్ సిరీస్‌కు చేరింది. అంత చిన్న సిరీస్ ఫలితంతో ఏ ఒప్పందాన్నీ సమర్థించకండి, తప్పుపట్టకండి. గత రెండేళ్లలో పిచ్చర్ ఎన్ని ఇన్నింగ్స్ వేశాడో మొదట చూడండి.